కువైట్ మొగుడి వేషం

ఇప్పటి పిల్లలు ఫోను గోడకి ఆనించి, లుంగీ కట్టి, అమెరికా అధ్యక్షుడి మీద రెండు నిమిషాల కామెడీ చేసేసి లోకం మీదకి వదిలేస్తున్నారు. చూస్తాను. కొన్ని బాగుంటాయి, నవ్వుతాను కూడా. మేం ఇరవై ఏళ్ల కిందట ఆ పనే రాజమండ్రిలో, ఒక కిరాణా హోల్‌సేల్ కొట్టు మేడమీద రెండు గదుల్లో చేశాం. కింద నుంచి ఎండుమిరపకాయల ఘాటు వచ్చి మైకు ముందు తుమ్ములొచ్చేవి. ఆ తుమ్ముల్ని కూడా కామెడీ అనుకుని జనం నవ్వేవారు. మీకు పనికొస్తుందేమోనని నా అనుభవం ఒకటి చెబుతాను. పాఠంలా వినక్కర్లేదు. నాకు పాఠాలు చెప్పే అర్హత లేదని చివరికి మీకే తెలుస్తుంది.

అది ఊళ్లోని కేబుల్ టీవీ చానల్. పొద్దున భక్తి పాటలు, మధ్యాహ్నం వంటలు, సాయంత్రం లోకల్ వార్తలు. అంతకుముందు నేను ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ప్రెస్సు మూతపడితే ఇక్కడికొచ్చాను. వార్తలు రాయడం నా పని. ఒకరోజు మా ఓనరుగారు పిలిచి వారానికో కామెడీ ప్రోగ్రాం కావాలన్నారు. రాజకీయాల మీద రాస్తానన్నాను.

"రాయండి గానీ మనూరి లీడర్ల జోలికి మాత్రం వెళ్లకండేం. తెల్లారేసరికి వైరు కోసేస్తారు. ఆ అమెరికానో, ఇరాకునో తిట్టుకోండి. మన వైరు ఏ స్తంభం మీదనుంచి వెళ్తోందో ఆళ్లకి తెలీదు కదండీ" అన్నారాయన.

మా అంతర్జాతీయ దృష్టికి మూలం అదన్నమాట.

ప్రోగ్రాం పేరు 'లాకుల దగ్గర లోకం'. వెనకాల కాలువ లాకులు గీసిన గుడ్డ ఒకటి, ముందు రెండు స్టూళ్లు. ప్రపంచంలో ఏ గొడవ జరిగినా దాన్ని మేం దాళ్వా నీళ్ల గొడవగా మార్చేవాళ్లం. రెండో పంటకి నీళ్లు వంతులవారీగా వదులుతారు కదా, ఆ వంతుల దగ్గర తలలు పగలడం మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. లాకు సూపరింటెండెంటు అంటే అమెరికా. తాళంచెవి ఆయన మొలతాడుకి ఉంటుంది. ఇరాకు అంటే కాలువ చివరి శివారు రైతు. ఐక్యరాజ్యసమితి, తగువు తీర్చడానికి వచ్చి కాఫీ తాగి వెళ్లిపోయే పెద్దమనుషులు. ఆ శివారు రైతు గట్టు కింద దొంగ తూము పెట్టాడని సూపరింటెండెంటు వాదన. ఇనస్పెక్టర్లు వచ్చి వారాల తరబడి గట్లన్నీ తవ్వుతారు. "ఎండ్రకాయలు దొరికేయి గానీ తూము దొరకలేదండి" అని రిపోర్టు ఇస్తారు. "ఎండ్రకాయలున్నాయంటే బొరియ ఉన్నట్టే, బొరియ ఉందంటే తూము ఉన్నట్టే" అంటాడు సూపరింటెండెంటు. ఆ మాట ఊళ్లో నెల రోజులు తిరిగింది. కోటగుమ్మం దగ్గర కూరగాయల బేరాల్లో కూడా విన్నాను.

సూపరింటెండెంటు వేషం వేసేది ఒక పెద్దాయన. ఇరిగేషన్లో ముప్పై ఏళ్లు లస్కరుగా చేసి, అంటే కాలువ తలుపులు ఎత్తి దించే పని చేసి, రిటైరైనవాడు. పద్య నాటకాల్లో రాజు వేషాలు కట్టినవాడు. నిజం సూపరింటెండెంట్ల దగ్గర తిన్న తిట్లన్నీ ఆయన వేషంలో వడ్డీతో సహా కక్కేవాడు. నోరు పెద్దది, మనసు మెత్తన. రికార్డింగుకి వచ్చినప్పుడల్లా ముందుగా ఒకటే అడిగేవాడు.

"మీ అత్తగారికి ఎలా ఉందండి?"

"అలాగే ఉందండి" అనేవాణ్ణి.

మా అత్తగారికి ఏమీ లేదు. నిక్షేపంగా ఉంది. ఆవిడకి పక్షవాతమని, నా భార్య పెనుగొండ దగ్గర పుట్టింట్లో ఉండి చూసుకుంటోందని ఆఫీసులో చెప్పాను. నా భార్య కువైట్లో ఉంది. ఒక ఇంట్లో వంటా, పిల్లల పనీ చేసేది. ప్రెస్సు మూతపడ్డాక ఆరునెలలు నేను ఖాళీగా కూచుంటే, తనే ఏజెంటుతో మాట్లాడుకుని, పాస్‌పోర్టు తీయించుకుని, వెళ్తానంది. నేను వద్దనలేదు. వెళ్లమనీ అనలేదు. స్టేషన్లో కూడా ఆ రెండు మాటల మధ్యనే నిలబడి ఉన్నాను. మాకు పిల్లలు లేరు. తను వెళ్లాక ఇంట్లో చప్పుడంటే నేను చేసేదే.

ఎందుకు దాచానంటే, ఆ రోజుల్లో కువైట్ మొగుడంటే మా వైపు ఒక నవ్వులాట. మెళ్లో గొలుసు, కళ్లజోడు, చేతిలో కొత్త టేప్‌రికార్డరు. 'పెళ్లాం అక్కడ గిన్నెలు తోముతుంటే వీడిక్కడ మందుకి యానాం బస్సెక్కుతాడు' అనేవారు. నాకు గొలుసూ లేదు, యానాం అలవాటూ లేదు. కానీ నవ్వేవాళ్లు లెక్కలు చూసి నవ్వరు కదా. చల్లకొచ్చి ముంత దాచినట్టు, తను పంపే ఉత్తరాలు కూడా ఇంటికి కాకుండా కొవ్వూరులో ఉన్న నా చిన్నప్పటి స్నేహితుడి దుకాణానికి తెప్పించుకునేవాణ్ణి. ఫోను కూడా గోదావరి దాటి కొవ్వూరు ఎస్టీడీ బూత్‌కి వెళ్లి మాట్లాడేవాణ్ణి. వారం విడిచి వారం, శుక్రవారం మధ్యాహ్నం తను చేసేది. అక్కడ శుక్రవారం సెలవు. చర్చిలో ప్రార్థనకి పంపేవారట, అట్నుంచి వస్తూ చేసేది.

ఇంతవరకూ దాచడమే. అది పిరికితనం, దానికి క్షమాపణ దొరుకుతుంది. తర్వాత చేసినదానికే దొరకలేదు.

2003 మొదట్లో యుద్ధం వస్తుందని అంతా అంటున్నారు. మా ఓనరుగారు, "తూము గొడవ పాతబడిపోయిందండి, కొత్తగా ఒక కామెడీ కారెక్టరు పెట్టండి" అన్నారు. అరగంటలో రాసిచ్చాను. అంత తేలిగ్గా నేను జన్మలో ఏదీ రాయలేదు. కువైట్ మొగుడు. యుద్ధం వస్తే పెళ్లాం ఏమవుతుందోనని కాదు వాడి బాధ, సెంటు సీసాలు రావడం ఆగిపోతాయని. లాకుల దగ్గరికొచ్చి, "అయ్యా సూపరింటెండెంటుగారూ, బాంబులేవో మా ఆవిడ డ్యూటీ దిగేక వేసుకోండి" అని బతిమాలతాడు. వేషం వేయాల్సినవాడు జ్వరమని రాలేదు. "మీరే వేసేయండి, రాసింది మీరేగా" అన్నారు. పెట్టుడు మీసం, గిల్టు గొలుసు, నల్ల కళ్లద్దాలు. వేసేశాను.

ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. ఇక్కడ ఎద్దునీ నేనే, కాకినీ నేనే.

జనానికి తెగ నచ్చింది. నాకు కూడా, సిగ్గు విడిచి చెబుతున్నాను, నచ్చింది. ఎదుటివాళ్లు నవ్వబోయేలోపల మనమే నవ్వేస్తే ఆ నవ్వు మన మీద పడదని ఒక భ్రమ. నేను కువైట్ మొగుణ్ణి ఎంత వెక్కిరిస్తే, నేను కువైట్ మొగుణ్ణి కాననడానికి అంత రుజువు దొరికినట్టు ఉండేది. ఆరు వారాలు ఆ వేషం నడిచింది.

మార్చి మధ్యలో తన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. తన చేతిరాత గుండ్రంగా, పలకమీద దిద్దినట్టు ఉంటుంది. యుద్ధమొస్తే విషవాయువు వదులుతారని అక్కడంతా భయపడుతున్నారట. మేడమ్ ఒక గది తలుపులకీ కిటికీలకీ ప్లాస్టిక్ కాగితాలు అంటించి, టేపు వేయించిందట. నీళ్లసీసాలు, తడి తువ్వాళ్లు పెట్టించిందట. చివర్లో రాసింది: 'టేపు అయిపోయింది. వంటింటి పక్క నా గది కిటికీకి సగమే అంటింది. పర్వాలేదు, విషం కూడా సగమే వస్తుందిలెండి.'

తనకి హాస్యం ఎక్కువ. ఇంట్లో నవ్వించేది తనే. బయట పేరు మాత్రం నాకొచ్చింది. ఆ ఉత్తరం చదివి కొవ్వూరు స్టేషన్లో బల్లమీద చాలాసేపు కూచుండిపోయాను. భయమేసింది. ఏడుపొచ్చింది. ఆ తర్వాత, ఇది మీలాంటి రాసేవాళ్లకే అర్థమవుతుంది, 'ఈ ముక్క బాగుంది' అనిపించింది. రైలు వంతెన దాటేలోపు ఆ వాక్యం ఆ వారం స్క్రిప్టులోకి వెళ్లిపోయింది. కువైట్ మొగుడు గొప్పగా చెబుతాడు: "మా ఆవిడ కిటికీకి సగం టేపే అంటిందంటండి. విషం కూడా సగమే వస్తదంట. మిగిలిన సగం జీతం నాకొచ్చేస్తే చాలండి."

ఆ స్క్రిప్టు రికార్డింగు ఏ గురువారం అనుకున్నామో ఆ పొద్దుటే యుద్ధం మొదలైంది.

ఆఫీసులో టీవీలన్నీ ఇంగ్లీషు వార్తలకి తిప్పి ఉన్నాయి. బాగ్దాదు మీద వెలుగులు చూపిస్తున్నారు. మధ్యాహ్నానికి కువైట్ వైపు కూడా క్షిపణులు వచ్చాయని, సైరన్లు మోగుతున్నాయని కింద అక్షరాలు నడిచాయి. చూసి రమ్మన్న పని ఏదో ఉన్నట్టు బయటికెళ్లి, ఆ రోజు కొవ్వూరు దాకా వెళ్లే ఓపిక లేక, మెయిన్ రోడ్డు మీద బూత్‌లోనే దూరాను. నాకు తెలిసిన ఒకే నెంబరు, తను పనిచేసే ఇంటి నెంబరు, పన్నెండుసార్లు తిప్పాను. లైనే దొరకలేదు. తిరిగొచ్చి మీసం అంటించుకున్నాను.

పెద్దాయన మేకప్ వేసుకోకుండా కూచున్నాడు. కాగితాలు ఒళ్లో పెట్టుకుని, నావైపు చూడకుండా అన్నాడు.

"ఈవారానికి ఈ కువైట్ ముక్క తీసేద్దామాండి? ఎండ్రకాయల ముక్కే ఇంకోసారి సాగదీసేద్దాం. పాపం మనోళ్లు శానామంది ఉన్నారక్కడ. ఏమైందో ఏంటో తెలీదు కదా."

ఇప్పటికీ ఆ మాట ఆయన గొంతుతోనే వినిపిస్తుంది. నాకు దారి చూపించాడాయన. 'అలాగేనండి' అంటే సరిపోయేది. ఓనరుగారు కూడా కాదనేవారు కాదు. కానీ నా బుర్ర ఎలా పనిచేసిందో చూడండి: ఉన్నట్టుండి నేను ఒప్పుకుంటే, ఎందుకొప్పుకున్నానని అడుగుతారు. నా ముఖం చూసి పసిగడతారు. కాబట్టి ఇంకాస్త గట్టిగా మాట్లాడాను.

"ఏం తీసేస్తామండి, జనం దానికోసమే చూస్తున్నారు. నవ్వుకోడానికి సమయం ఇదే" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా ముఖం చూశాడు. "మీ ఇష్టమండి" అని లేచి కండువా సర్దుకున్నాడు.

చేశాం. సగం టేపు మాట దగ్గర కెమెరా తిప్పేవాడు నవ్వాపుకోలేక కెమెరా కదిలించేశాడు. రెండోసారి తీయాల్సి వచ్చింది. ఆ మాట నేను రెండుసార్లు చెప్పాను. రెండోసారి ఇంకా బాగా వచ్చింది.

శనివారం సాయంత్రం ప్రసారమైంది. సోమవారం పొద్దున నలుగురు మనుషులు మెట్లెక్కి వచ్చారు. తన్నడానికి వచ్చారనుకుని ఓనరుగారు లోపలి గదిలోకి వెళ్లిపోయారు. వాళ్లు చెప్పులు బయటే విడిచి లోపలికొచ్చారు. కడియం వైపు నర్సరీల్లో పనిచేసేవాళ్లు. గొలుసులు లేవు, కళ్లజోళ్లు లేవు. గోళ్లల్లో మట్టి ఉంది. వాళ్లల్లో పెద్దవాడు చేతులు కట్టుకుని అడిగాడు.

"మీ దగ్గర డిష్షులున్నాయి కదండీ. మాకు తెలీని కబుర్లు మీకు తెలుస్తాయి కదాని వచ్చేమండి. మా ఆడోళ్లు కువైట్లో ఉన్నారండి. నాలుగు రోజులైంది, ఫోను కలవట్లేదండి."

మాక్కూడా అంతే తెలుసునని, అక్కడ పెద్ద నష్టమేమీ లేదని చెబుతున్నారని అన్నాను. ఆయన తలూపాడు. వెళ్లబోతూ ఆగి, నన్ను పట్టి చూశాడు.

"ఆ వేషం మీరేనాండి? బాగా చేసేరండి. మావాళ్లంతా నవ్వేరు. మా ఇంటిది కూడా రాసిందండి టేపులంటిస్తున్నారని. ఎవరికీ తెలీని సంగతండి అది. మీవాళ్లెవరన్నా ఉన్నారాండి అక్కడ?"

నాలుగు ముఖాలు నావైపు చూస్తున్నాయి. వెక్కిరింపు లేదు. ఉన్నారంటే నన్ను పక్కన కూచోబెట్టుకునేవారు. ఆ నాలుగు రోజుల్లో నేను ఎవరితోనూ చెప్పుకోలేక పోతున్న భయం వాళ్ల దగ్గరుంది. వాళ్లు దాన్ని నలుగురూ పంచుకుని మోస్తున్నారు. నేను ఒక్కణ్ణే మోస్తున్నాను.

"లేరండి. పేపర్లో చదివాను" అన్నాను.

"ఆయ్, అలాగాండి" అని వాళ్లు దిగి వెళ్లిపోయారు.

గుమ్మం దగ్గర పెద్దాయన నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. ఆ రోజు నుంచి ఆయన మళ్లీ ఎప్పుడూ మా అత్తగారి ఆరోగ్యం అడగలేదు. అప్పుడు తెలిసింది, ఆయనకి ఎప్పట్నుంచో తెలుసని. గురువారం నాడు ఆయన అడిగింది మనోళ్ల గురించి కాదు, నా గురించి.

ఆ శుక్రవారం ఫోను రాలేదు. మర్నాడు వెళ్లాను, ఆ మర్నాడు కూడా వెళ్లాను. తర్వాతి శుక్రవారం వచ్చింది. బాగానే ఉందట. సైరను మోగినప్పుడల్లా మేడమే పిలిచి అందరితోపాటు ఆ గదిలో కూచోబెట్టుకునేదట. "మీరు తింటున్నారా?" అని అడిగింది. జూన్లో వీసా అయిపోతుంది, వచ్చేస్తానంది. రమ్మన్నాను. ఈసారి ఆ మాట స్పష్టంగానే అన్నాను. వచ్చేలోపు ఆఫీసులో నిజం చెప్పేయాలనీ, తనతో కూడా ఆ వేషం సంగతి నా నోటితో నేనే చెప్పాలనీ అనుకున్నాను. ఫోన్లో ఏం చెబుతాంలే, ఎదురుగా కూచోబెట్టుకుని చెబుదామని ఆగాను. ఆగడం నాకు బాగా వచ్చిన విద్య.

యుద్ధం అయిపోయింది. వేసవికి కాలువలకి నీళ్లు కట్టేశారు. వంతుల్లేకపోతే గొడవల్లేవు, మా ప్రోగ్రాం కూడా ఆగింది. ఇంటికి సున్నం వేయించాను. తనకిష్టమని వంటింట్లో కిటికీ పెద్దది చేయించాను.

మే నెలలో ఒక శుక్రవారం కొవ్వూరు బూత్‌లో ఫోను తీశాను. తను చాలా మామూలుగా అంది.

"ఏవండీ, ఇవాళ ప్రార్థనయ్యేక అందరం కడియం వాళ్ల గదిలో కూచున్నాం. ఊర్నుంచి వచ్చినామె పచ్చళ్లతోపాటు వీడియో క్యాసెట్టు తెచ్చింది. మనూరి టీవీలో వచ్చిందంట."

పక్కవాళ్లకి వినబడకుండా రిసీవరు చెవికి నొక్కుకున్నాను.

"బాగా నవ్వేరండీ అందరూ. ఎండ్రకాయల దగ్గర నేనూ నవ్వేను. మీరే రాసుంటారని తెలిసిపోయింది, అలా రాసేది మీరే. గొప్పగా అనిపించింది కూడా. చెప్పేద్దామనుకున్నాను, మా ఆయనేనని. ఇంతలో మీసం పెట్టుకుని మీరే వచ్చేరు."

"అది... ఓనరుగారు..."

"సగం టేపు మాట దగ్గర ఒకామె పడీపడీ నవ్వింది. 'ఎవడో గానీ వీడి పెళ్లాం ఎక్కడుందో పాపం' అంది. అందరూ నవ్వేరు. నేనూ నవ్వేనండి. నవ్వకపోతే తెలిసిపోద్ది కదా."

లైన్లో గరగర. అటువైపు ఫోను డబ్బాలో తను వేస్తున్న చిల్లర చప్పుడు వినిపించింది.

"అక్కడ నేను కువైట్లో ఉన్నానని ఎవరికన్నా చెప్పేరా?" అని అడిగింది.

అబద్ధం చెప్పొచ్చు. రెండేళ్లుగా అదే పని. ఆ ఒక్కసారి నోరు రాలేదు.

"చెప్పలేదు" అన్నాను.

"పోనీలెండి. నేనూ చెప్పలేదు, ఆ టీవీలో ఉన్నది మీరని" అంది. కోపం లేదు ఆ గొంతులో. కోపముంటే బతిమాలేవాణ్ణి. "మేడమ్ ఇంకో రెండేళ్లు ఉండమంటోందండి. జూన్‌కి వచ్చేస్తానని చెప్పేను మొన్న. ఇందాక ఆవిడకి ఫోను చేసి, ఉంటానన్నాను. భోజనం వేళకి చేయండి. ఉంటాను మరి."

ఫోను పెట్టేశాను. వెనకాల బల్లమీద ముగ్గురో నలుగురో వాళ్ల వంతు కోసం చూస్తున్నారు. బూత్ నడిపే ఆవిడకి, ఈ ఫోన్లు కువైట్లో ఉన్న మా అక్క దగ్గర్నుంచి వస్తాయని నేను ఎప్పుడో చెప్పి ఉన్నాను. ఆవిడ అలవాటుగా అడిగింది.

"మీ అక్కగారు కులాసాయేనాండి?"

"అక్క కాదండి. మా ఆవిడ. కువైట్లో ఒకళ్లింట్లో వంట చేస్తుంది" అన్నాను. బల్లమీద వాళ్లందరికీ వినబడేలాగే అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ తలెత్తి చూడలేదు కూడా. "అలాగాండి" అంది ఆవిడ. "కొంచెం జరుగుతారా, వెనకాల ఆళ్లు మస్కట్ ఫోను కోసం పొద్దుట్నుంచీ కూచున్నారు" అంది.